ఇంగ్లీషువాడి ‘నువ్వు’

ఎదుటి మనిషిని ‘నువ్వు’ అని పిలవడానికి ఇంగ్లీషులో ఒకప్పుడు ఒక క్రియే ఉండేది. దాన్ని ఒక న్యాయవాది తిట్టుగా వాడాడు, షేక్‌స్పియర్ హాస్యానికి వాడాడు. ఒక మత శాఖ మాత్రం దాని కోసం దెబ్బలు తింది. మూడు వందల ఏళ్ల కిందట వాడుకలోంచి జారిపోయిన ఆ మాట కథ ఇది.

1603 నవంబరు 17. లండన్‌లో ప్లేగు విజృంభించడంతో రాజద్రోహం విచారణను వించెస్టర్ కోటలోని పెద్ద హాలుకు మార్చారు. బోనులో నిలబడ్డవాడు సర్ వాల్టర్ రాలీ. ఎలిజబెత్ రాణికి ఒకనాడు అత్యంత ఇష్టుడు, ఆమె అంగరక్షక దళానికి అధిపతి, సముద్ర యాత్రికుడు, కవి. రాణి ఆ ఏడాది మార్చిలో కన్నుమూసింది. కొత్త రాజు మొదటి జేమ్స్‌కు రాలీ అంటే పడదు. జేమ్స్‌ను తప్పించి అర్బెల్లా స్టూవర్ట్‌ను సింహాసనం మీద కూర్చోబెట్టడానికి స్పెయిన్ డబ్బుతో కుట్ర పన్నాడన్నది అభియోగం. సాక్ష్యమల్లా లార్డ్ కోబమ్ అనే మరో నిందితుడు రాసిచ్చిన వాంగ్మూలం. అతన్ని కోర్టుకు పిలిపించి తన ఎదుట నిలబెట్టండని రాలీ మళ్లీ మళ్లీ అడిగాడు. న్యాయమూర్తులు పిలిపించలేదు.

ప్రభుత్వం తరఫున వాదించినవాడు అటార్నీ జనరల్ సర్ ఎడ్వర్డ్ కోక్. అప్పటికే న్యాయశాస్త్రంలో దిగ్గజం, నోటి దురుసులోనూ అంతే. సాక్ష్యం పలచగా ఉన్నచోట గొంతు పెంచాడు. ముఖం ఇంగ్లీషుది, గుండె స్పెయిన్‌ది అని రాలీని ఎత్తిపొడిచాడు. విషసర్పమన్నాడు. కోబమ్ చేసిందంతా నీ ప్రోద్బలంతోనే అంటూ, ఆ ఊపులో ‘దౌ’ (thou) అనే సర్వనామాన్ని పట్టుకుని దాన్నే క్రియ చేసి విసిరాడు. ద్రోహీ, నిన్ను నేను ‘నువ్వు’ అంటున్నాను అన్నది దాని భావం.

తెలుగువాళ్లకు ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో విడమరచి చెప్పక్కర్లేదు. ‘మర్యాదగా మాట్లాడు, ఏకవచనం వద్దు’ అనే మాట మన పంచాయతీల్లో, బస్సుల్లో, ఆఫీసుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. రాలీ నైట్ బిరుదు పొందినవాడు. అలాంటివాణ్ణి నిండు కోర్టులో ‘దౌ’ అనడమంటే నౌకరును పిలిచినట్టు పిలవడం. కోక్ అంతటితో ఊరుకోలేదు. అన్నానని, కావాలనే అన్నానని కూడా చాటాడు. ఆ చాటింపుకే ఈ క్రియ కావలసి వచ్చింది.

జూరీకి పావుగంట కన్నా ఎక్కువ పట్టలేదు. దోషి అని తేల్చారు, మరణశిక్ష పడింది. జనం మనసు మాత్రం ఆ ఒక్క రోజులోనే తిరిగింది. పొద్దున రాలీ ఉరిని చూడటానికి వంద మైళ్లయినా నడిచేవాణ్ణి, సాయంత్రానికి అతని ప్రాణం కాపాడటానికి వెయ్యి మైళ్లయినా పోయేవాణ్ణి అని అక్కడున్న ఒకాయన అన్నట్టు డడ్లీ కార్ల్టన్ ఆ రోజుల్లో రాసిన ఉత్తరంలో ఉంది. రాజు శిక్షను నిలిపివేశాడు. రాలీ పన్నెండేళ్లకు పైగా లండన్ టవర్‌లో బందీగా ఉండి, అక్కడే ‘ప్రపంచ చరిత్ర’ రాశాడు. 1618 అక్టోబరు 29న ఆ పాత శిక్షనే అమలు చేసి తల నరికారు. నాలుగు వందల ఏళ్ల తర్వాత, 2004లో, అమెరికా సుప్రీంకోర్టు క్రాఫర్డ్ కేసులో సాక్షిని నిందితుడి ఎదుట నిలబెట్టి తీరాలని చెబుతూ రాలీ విచారణనే గుర్తు చేసింది.

రాజుగారి బహువచనం

పాత ఇంగ్లీషులో ఈ గొడవ లేదు. ఒకరైతే ‘దౌ’, చాలామందైతే ‘యీ’. కర్మ స్థానంలో ఒకరికి ‘దీ’, చాలామందికి ‘యూ’. ఇద్దరి కోసం ఇంకో రూపం కూడా ఉండేది, అది తొందరగానే పోయింది. లెక్క ఒక్కటే ముఖ్యం. రాజైనా పశువుల కాపరైనా ఒక్కడే అయితే ‘దౌ’.

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక రెండు మూడు వందల ఏళ్లు దర్బారు భాష ఫ్రెంచి. ఫ్రెంచిలో ఒక్క మనిషినే గౌరవంగా బహువచనంలో ‘వూ’ అని పిలిచే అలవాటుంది. దొరల భాషలోని ఆ మర్యాద పదమూడో శతాబ్దం నుంచి మెల్లగా ఇంగ్లీషులోకి దిగింది. పైవాడికి ‘యూ’, కిందివాడికి ‘దౌ’ అనే పద్ధతి స్థిరపడింది. పెద్దింటివాళ్లు తమలో తాము ‘యూ’ అనుకునేవారు, పల్లెజనం తమలో తాము ‘దౌ’ అనుకునేవారు. ప్రేమ పొంగినా ‘దౌ’ వచ్చేది, కోపం పొంగినా ‘దౌ’ వచ్చేది.

తేడా ఏర్పడ్డాక ఆ తేడాను చెప్పడానికి ఒక మాట కావాలి. ఫ్రెంచివాళ్లకు ‘తుత్వాయే’ ఉంది, జర్మన్లకు ‘దుట్సెన్’ ఉంది. ఇంగ్లీషువాళ్లు ఇంకా సులువైన దారి పట్టారు. ప్రత్యయమేదీ తగిలించకుండా సర్వనామాన్నే క్రియగా వాడేశారు. పదిహేనో శతాబ్దం నుంచి ‘దౌ’ అంటే ‘నువ్వు’ మాత్రమే కాదు, ‘నువ్వు అని పిలవడం’ కూడా.

దాన్ని ఎవరు ఎవరి మీద వాడవచ్చో 1655లో చర్చి చరిత్రకారుడు థామస్ ఫుల్లర్ చక్కగా విడదీసి చెప్పాడు. పైవాడు కిందివాణ్ణి ‘దౌ’ అంటే అది ఆజ్ఞ. సమానులు అనుకుంటే చనువు. కిందివాడు పైవాణ్ణి తెలియక అంటే మోటుతనం, తెలిసి అంటే ధిక్కారం. ఈ నాలుగు మెట్లూ తెలుగు ‘నువ్వు’కూ దాదాపు అలాగే సరిపోతాయి.

మూడుసార్లు అను, చాలు

కోక్ కన్నా ముందే ఈ క్రియను రంగస్థలం ఎక్కించినవాడు షేక్‌స్పియర్. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో సర్ ఆండ్రూ అనే పిరికి పెద్దమనిషి ఉంటాడు. డబ్బుంది, బుర్ర లేదు. అతని సొమ్ముతో తాగి తిరిగే సర్ టోబీ సరదా కోసం అతన్ని ద్వంద్వయుద్ధానికి ఎగదోస్తాడు. ప్రత్యర్థికి సవాలు ఉత్తరం ఎలా రాయాలో నేర్పుతూ, ఓ మూడుసార్లు వాణ్ణి ‘దౌ’ అను, తప్పేమీ లేదు అంటాడు. ఆ వాక్యంలో ‘దౌ’ సర్వనామంగా ఒకసారి, క్రియగా మరోసారి పక్కపక్కనే వస్తుంది. తర్వాత ఆండ్రూ రాసిన ఉత్తరాన్ని చదివినప్పుడు వినాలి. మూడుసార్లు చాలన్న సలహాను దాటిపోయి అడుగడుగునా ‘దౌ’లే గుప్పిస్తాడు. ఆ రోజుల్లో ఒక మాటతో కత్తి దూయించవచ్చని తెలిసిన ప్రేక్షకులకే అందులోని నవ్వు పూర్తిగా అందుతుంది.

దీని మీద పండితులు పొరబడ్డ ముచ్చట ఒకటుంది. 1733లో షేక్‌స్పియర్ నాటకాలను పరిష్కరించిన లూయిస్ థియోబాల్డ్ ఈ వాక్యం కోక్ దురుసుతనం మీద ఎత్తిపొడుపే అన్నాడు. రాలీ మీద సానుభూతితో షేక్‌స్పియర్ దాన్ని చేర్చాడని అతని ఊహ. నమ్మదగ్గట్టే ఉంది. కానీ పందొమ్మిదో శతాబ్దంలో జాన్ మానింగ్‌హామ్ అనే న్యాయ విద్యార్థి డైరీ వెలుగులోకి వచ్చింది. 1602 ఫిబ్రవరి 2న లండన్ మిడిల్ టెంపుల్‌లో ఈ నాటకం చూశానని అందులో రాసుకున్నాడు. అంటే రాలీ విచారణకు ఏడాదిన్నరకు పైగా ముందే నాటకం ఆడేసింది. కోర్టును చూసి నాటకం రాయలేదు. నాటకానికీ కోర్టుకూ ఆ తిట్టు వీధిలోనే దొరికింది.

షేక్‌స్పియర్ ఈ తేడాను క్రియతో కన్నా సర్వనామంతోనే ఎక్కువ పని చేయించాడు. హామ్లెట్ తల్లి గదిలోకి వెళ్లే ఘట్టం చూడండి. తల్లి మొదట కొడుకును ‘దౌ’ అని చనువుగానే మందలిస్తుంది. అతను అదే వాక్యాన్ని తిప్పి ‘యూ’ అని జవాబిస్తాడు. మాట గౌరవమే, పెంచింది మాత్రం దూరం. వెంటనే తల్లి కూడా ‘యూ’లోకి మారిపోతుంది. తల్లీకొడుకుల మధ్య తలుపు మూసుకుందని చెప్పడానికి కవికి వేరే మాట కావలసి రాలేదు.

‘కింగ్ లియర్’ మొదటి రంగంలో ఇంకా పెద్ద సాహసం ఉంది. లియర్ చిన్న కూతురిని వెలివేస్తుంటే నమ్మిన సామంతుడు కెంట్ అడ్డుపడతాడు. రాజు వినడు. అప్పుడు కెంట్ నిండు సభలో రాజును ముసలివాడా అని పిలిచి ‘దౌ’ అంటాడు. ఫుల్లర్ లెక్కలో అది తెలిసి చేసిన ధిక్కారం. నాటకం లెక్కలో మాత్రం అదే నిజమైన విధేయత. దేశబహిష్కారం విధించినా కెంట్ మారువేషంలో తిరిగొచ్చి ఆ రాజునే కొలుస్తాడు. ఇవాళ ఇంగ్లీషు పిల్లలు ఈ నాటకాన్ని చదివితే ఆ ‘దౌ’ వాళ్లకు పాతకాలపు అలంకారంలా కనిపిస్తుంది. తెలుగు పాఠకుడికి అలా కాదు. మన నాలుక మీద ఆ మెట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి షేక్‌స్పియర్‌ను చదవడంలో ఈ ఒక్క విషయంలో మనం వాళ్లకన్నా ఒక అడుగు ముందే ఉన్నాం.

అందరికీ ఒకటే మాట

పదిహేడో శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో రాజు తలే తెగింది. ఆ అల్లకల్లోలంలోంచి జార్జ్ ఫాక్స్ అనే బోధకుడి వెంట క్వేకర్లు అనే శాఖ పుట్టింది. దేవుడి ముందు మనుషులంతా ఒక్కటే, అందుకని ఎవరి ముందూ టోపీ తీయం, ఎవరినీ బహువచనంలో పిలవం అన్నారు. ఒక్క మనిషిని పట్టుకుని ‘యూ’ అనడం వాళ్ల దృష్టిలో రెండు తప్పులు. ఒకటి వ్యాకరణంలో అబద్ధం, రెండోది పొగడ్తతో ఎదుటివాడి అహంకారాన్ని పెంచడం. జడ్జీకీ జమీందారుకీ పాలేరుకీ ఒకటే ‘దౌ’.

దాన్ని నిరూపించడానికి 1660లో ఫాక్స్, జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీ కలిసి ఒక వింత పుస్తకం వేశారు. లాటిన్, గ్రీకు, హీబ్రూ మొదలైన అనేక భాషల్లో ఏకవచనం ఏకవచనమే, బహువచనం బహువచనమే అని ఉదాహరణలు గుప్పించారు. ఒక్కో భాష పాఠాన్ని చిన్నపిల్లలు అక్షరాలు నేర్చుకునే పిడి పలక ఆకారంలో అచ్చు వేశారు. పెద్ద పెద్ద పండితులకు ఓనమాలు దిద్దిస్తున్నాం అనే వెటకారం అందులో ఉంది.

వాదన పుస్తకంలో తేలికే. బయట మాత్రం దెబ్బలు పడ్డాయి. ఏమిట్రా మోటువాడా, నన్ను ‘దౌ’ అంటావా అని జనం మీద పడేవారని ఫాక్స్ తన జీవితకథలో రాసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక న్యాయాధికారి కొడుకు థామస్ ఎల్‌వుడ్ కుర్రతనంలోనే క్వేకర్లలో కలిశాడు. తండ్రి ముందు టోపీ తీయలేదు, తండ్రిని ‘దౌ’ అన్నాడు. తండ్రి కొట్టాడు, టోపీలు లాక్కున్నాడు. ఇంకొక్కసారి ఆ మాట వినిపిస్తే పళ్లు రాలగొడతానన్నాడు. ఈ ఎల్‌వుడ్డే తర్వాత చూపు పోయిన మిల్టన్‌కు పుస్తకాలు చదివి వినిపించినవాడు. ‘పారడైజ్ లాస్ట్’ రాతప్రతి చదివి, పోగొట్టుకున్న స్వర్గం గురించి చెప్పావు సరే, దొరికిన స్వర్గం మాటేమిటి అని అడిగి ‘పారడైజ్ రీగెయిన్డ్’కు బీజం వేసింది కూడా అతనే.

పెద్దింటి పిల్లల్లో మరొకడు విలియం పెన్. నౌకాదళ అడ్మిరల్ కొడుకు, అమెరికాలో పెన్సిల్వేనియా వలసకు స్థాపకుడు. కొడుకు మొండితనానికి విసిగిన అడ్మిరల్ చివరికి బేరానికి దిగాడని చెబుతారు. నీ ఇష్టం వచ్చినవాళ్లను ‘దౌ’ అనుకో, రాజునీ రాజు తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్‌నీ నన్నూ మాత్రం వదిలెయ్యి అన్నాడట. పెన్ ఆ బేరానికి ఒప్పుకోలేదు.

దేవుడికి మిగిలిన మాట

క్వేకర్లు అందరినీ ‘దౌ’ మెట్టుకు దించాలని చూస్తుంటే, మిగతా ఇంగ్లండ్ నిశ్శబ్దంగా అవతలి వైపు నడిచింది. లండన్ పెరుగుతోంది. వ్యాపారంలో నాలుగు డబ్బులు చేసుకున్నవాడు ఎవరో, పుట్టుకతో పెద్దవాడు ఎవరో బట్టలు చూసి చెప్పలేని రోజులొచ్చాయి. తెలియనివాణ్ణి ‘దౌ’ అని తన్నులు తినేకన్నా ‘యూ’ అనేస్తే పోలా అనిపించింది. ‘దౌ’ అంటే క్వేకరేమో అని అనుమానించే పరిస్థితి కూడా దీనికి తోడైంది. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి చదువుకున్న ఇంగ్లీషులో ‘దౌ’ మూలపడింది.

పూర్తిగా చావకుండా దాన్ని బతికించింది బైబిలు. 1526లో విలియం టిండేల్, 1611లో కింగ్ జేమ్స్ అనువాదకులు హీబ్రూ, గ్రీకు మూలాల్లోని ఏకవచనాన్ని ఏకవచనంగానే ఉంచారు. వాళ్ల బైబిల్లో దేవుడూ ‘దౌ’, సైతానూ ‘దౌ’, గాడిద కూడా ‘దౌ’. రోజువారీ మాటల్లోంచి ‘దౌ’ పోయాక అది ప్రార్థనలో మాత్రమే వినిపించే మాటైంది. దాంతో అర్థం తలకిందులైంది. కోక్ నోట నౌకరు స్థాయికి దించిన పదం పందొమ్మిదో శతాబ్దం భక్తుడి చెవికి పరమ గౌరవ వాచకమైంది. దేవుడి దగ్గర ఏకవచనంగా మొదలైన పిలుపు చివరికి దేవుడికీ మనిషికీ మధ్య దూరాన్ని చూపే పిలుపుగా మారింది.

మనకు ఆ నష్టం జరగలేదు. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణీ, త్యాగయ్య రాముణ్ణీ ఏకవచనంలోనే పిలిచారు. రామదాసు బందిఖానాలోంచి రాముణ్ణి నిలదీసిందీ అలాగే. ఆ పిలుపులోని దగ్గరితనం ఇప్పటికీ మనకు వెంటనే తెలుస్తుంది. తెలుగు బైబిలు కూడా తండ్రి దేవుణ్ణి ‘నీవు’ అనే పిలుస్తుంది. ఇంకా వెనక్కు వెళితే కవిత్రయ భారతంలో ధర్మరాజును కూడా ‘నీవు’ అనే సంబోధిస్తారు. ఒక్కరికి గౌరవంగా ‘మీరు’ అనడం మన భాషలోనూ తర్వాత బలపడిన అలవాటే.

పల్లెల్లో, నవలల్లో

ఉత్తర ఇంగ్లండ్ పల్లెలు, బొగ్గు గనుల ఊళ్లు మాత్రం లండన్ మాట వినలేదు. యార్క్‌షైర్, లాంకషైర్, డెర్బీషైర్‌లలో ‘దౌ’ కాస్తా ‘దా’ అయి ఇరవయ్యో శతాబ్దం దాకా బతికింది. దానితో పాటు క్రియ కూడా. హద్దు మీరిన కుర్రాణ్ణి యార్క్‌షైర్ పెద్దలు మందలించే సామెత ఒకటుంది: నన్ను ‘దా’ అనకు, నిన్ను ‘దా’ అన్నవాళ్లనే ‘దా’ అను.

నవలాకారులు ఈ మిగులును బాగా వాడుకున్నారు. మెల్విల్ 1851లో రాసిన ‘మోబీ డిక్’లో నాంటకెట్ ఓడల యజమానులు పెలెగ్, బిల్‌డాడ్ క్వేకర్ల భాషలోనే జీతాల బేరమాడతారు. సమానత్వం కోసం పుట్టిన మాటతో కూలీ వాటా తెగ్గొడుతుంటే మెల్విల్ నవ్వు కనిపిస్తుంది. డి.హెచ్. లారెన్స్ నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గు గని కార్మికుడి కొడుకు. 1928లో వచ్చిన ‘లేడీ చాటర్లీస్ లవర్’లో వేట అడవి కాపలాదారు మెల్లర్స్‌కు శుభ్రమైన ఇంగ్లీషూ వచ్చు, ఊరి యాసా వచ్చు. దగ్గరితనం కావాలంటే ‘దీ’, ‘దా’ అంటాడు. దొరసాని కోనీ ఆ యాసను పలకబోయి తడబడుతుంది, అతను నవ్వుతాడు. ఆమె అక్క హిల్డా ముందు మాత్రం అదే యాసను మొండిగా ప్రయోగిస్తాడు. ఒకే మాట ఒకరికి ముద్దు, మరొకరికి సవాలు.

లారెన్స్ తర్వాత ఇంగ్లీషు నవలాకారుడికి ఆ వసతి దాదాపు పోయింది. ఇద్దరు పరిచయస్తులు ప్రేమికులయ్యే క్షణం చూపాలంటే అతను వాతావరణమో చూపులో వర్ణించాలి. తెలుగు రచయితకు ఒక్క సర్వనామం మారిస్తే చాలు. మన సినిమాల్లో నాయిక మొదటిసారి ‘మీరు’ మానేసి ‘నువ్వు’ అన్నప్పుడు హాలంతా కేరింతలు కొట్టేది అందుకే. ఇంగ్లీషు నవలను తెలుగు చేసే అనువాదకుడికి పెద్ద తలనొప్పి కూడా ఇదే. మూలంలో అంతా ఒకటే ‘యూ’. ఎవరు ఎవరిని ఏ పేజీలో ‘నువ్వు’ అనడం మొదలుపెట్టారో రచయిత చెప్పడు, అనువాదకుడే తేల్చాలి.

దించడమా, ఎత్తడమా

పిలుపులో హెచ్చుతగ్గులు తీసేయాలనుకున్న సమాజాలకు రెండు దారులు కనిపించాయి. అందరినీ ‘నువ్వు’కు దించడం ఒకటి. 1793లో ఫ్రెంచి విప్లవకారులు పౌరులంతా ఒకరినొకరు ‘తు’ అనాలన్నారు. ఆ వేడి కొన్నేళ్లే నిలిచింది. స్వీడన్‌లో మాత్రం ఈ దారి నెగ్గింది. 1967లో అక్కడి ఆరోగ్య శాఖ అధిపతిగా చేరిన బ్రూర్ రెక్సెడ్ తన ఉద్యోగులందరినీ ‘దు’ అని పిలుస్తానని ప్రకటించడం ఆ మార్పుకు గుర్తుగా నిలిచిపోయింది. అందరినీ ‘మీరు’కు ఎత్తడం రెండో దారి. ఇంగ్లీషు ఎవరి ఆజ్ఞా లేకుండానే ఈ దారిన పోయింది. క్వేకర్లు కోరుకున్నట్టు అందరికీ ఒకే పిలుపు వచ్చింది, వాళ్లు వద్దన్న పిలుపే వచ్చింది. అయినా ఇంగ్లండ్‌లో తరగతి భేదం పోలేదు. అది సర్వనామంలోంచి యాసలోకి, బడి పేరులోకి మారింది.

తెలుగు ఈ రెండు దారుల్లో ఏదీ పట్టలేదు. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లను కూడా ప్రేమగా ‘నువ్వు’ అంటారు, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కోస్తాలో భర్తను ‘ఏమండీ’ అనే ఇల్లాలిని భర్త ‘నువ్వు’ అనడం నిన్నమొన్నటి దాకా సహజమనుకున్నారు. వీటన్నిటికన్నా బరువైనది ఇంకొకటుంది. తాత వయసున్న పాలేరును కులం చూసి పదేళ్ల పిల్లాడు ‘ఒరే’ అని పిలిచిన ఊళ్లు మనవి. కోక్ రాలీని ఒక్క పూట అన్నాడు, అది చరిత్రలో మచ్చగా మిగిలింది. మన దగ్గర కొన్ని కులాలవాళ్లు ఆ మాటను తరతరాలుగా పడ్డారు. దాన్ని రికార్డు చేసినవాళ్లు తక్కువ.

ఆప్యాయమైన ‘నువ్వు’ను ఇంగ్లీషులా పోగొట్టుకోవలసిన పని మనకు లేదు. ఫుల్లర్ చెప్పిన నాలుగు మెట్లలో సమానుల మధ్య చనువును ఉంచుకుని ఆజ్ఞను వదిలేస్తే చాలు. అపార్టుమెంటు వాచ్‌మన్‌నూ, ఇంట్లో పనిచేసే ఆమెనూ, ఆటో నడిపే పెద్దాయననూ రేపటి నుంచి ‘మీరు’ అనండి. వాళ్లు మిమ్మల్ని తిరిగి ‘నువ్వు’ అనగలిగితేనే వాళ్లను ‘నువ్వు’ అనండి.